కొక్కెం ఎక్కడ తగిలించావు అల్లుడూ?

మా రేవులో నిలబడి ఒక్కసారి తల పైకెత్తి చూడండి. బోట్ల మీద ఎన్ని కొయ్యలు కనిపిస్తే అన్నీ నేనెక్కినవే. ఎక్కడమంటే మామూలు ఎక్కడం అనుకునేరు. ఒక చేత్తో కొయ్య పట్టుకుని, రెండో చేత్తో టీ గ్లాసు పట్టుకుని ఎక్కేవాణ్ణి. కొసకు చేరేసరికి ఒక్క చుక్క ఒలికేది కాదు. కాకపోతే ఆ ఎత్తులో చలికి టీ కాస్త చల్లారేది, అంతే. ఒకసారి తుఫానులో పైన కూర్చుని కప్పీ బాగుచేస్తుంటే గాలి నా భుజం మీది తువ్వాలు ఎగరేసుకుపోయింది. మర్నాడు పక్క రేవుకి వెళ్తే అక్కడెవడో దాన్ని భుజాన వేసుకుని తిరుగుతున్నాడు. నేనేమీ అనలేదు. శుభ్రంగా ఉతుక్కున్నాడు పాపం, ఎలా అడుగుతాం? ఇంకోసారి ఒక కొంగ ఎగురుకుంటూ వచ్చి నా పక్కన వాలింది. కిందికి ఒకసారి చూసింది. కళ్ళు తిరిగినట్టున్నాయి, నా భుజానికి ఆనుకుని కాసేపు కూర్చుని, నెమ్మదిగా కొయ్య పట్టుకుని దిగిపోయింది.

అందుకే రేవులో అందరూ నన్ను ఆకాశం తాత అంటారు. అంటారు అనకూడదు, అనేవారు అనాలి. ఆ పేరు ఎలా పోయిందో చెబుతాను, వినండి.

పడవ పని తెలియనివాళ్ళకి ముందు కొయ్య సంగతి చెప్పాలి. చేపల బోటు నడిమధ్య నిటారుగా లేచి ఉంటుందే, కొసన దీపమూ, దాని కింద రాడారూ, వలలు లాగే కప్పీలూ బిగించి ఉంటాయే, అదే కొయ్య. తెరచాపల కాలంలో నిజంగానే కొయ్య. ఇప్పుడు ఇనుము. అయినా మేం కొయ్యనే అంటాం. మనిషి ముసలాడైనా తల్లికి బుజ్జిగాడే అయినట్టు.

దాని మీదికి ఎక్కాలంటే ఇష్టం వచ్చినట్టు ఎక్కడానికి లేదు. ఎక్కేవాడు ముందు రాడార్ ఆపించి, దాని ఫ్యూజు పీకి తన జేబులోనే వేసుకోవాలి. కింద ఎవడో పరధ్యానంగా మీట నొక్కినా అది తిరక్కుండా. హారన్‌దీ అంతే. చెవి పక్కన అది ఒక్కసారి మోగితే ఎంత మొనగాడైనా చెయ్యి వదిలేస్తాడు. పానాకి తాడు కట్టి మణికట్టుకి తగిలించుకోవాలి, జారినా కిందివాడి నెత్తిన పడకుండా. ఇక బెల్టు. దానికి రెండు తాళ్ళు, ఒక్కో తాడు చివర ఒక్కో కొక్కెం. ఒకటి పై మెట్టుకి తగిలించాకే రెండోది కింది మెట్టు నుంచి తీయాలి. ఊపిరి తీసి వదిలేంతసేపు కూడా మనిషి ఏ కొక్కెమూ లేకుండా ఉత్తినే ఉండకూడదు.

మా బోట్ల మీద ఇంకొక నియమం ఉంది. పైన మనిషి ఉన్నప్పుడు కింది నుంచి మాట్లాడేది ఒక్కడే. ఆ గొంతు ఎవరిదో ముందే చెప్పుకుంటారు. తక్కినవాళ్ళకి ఏం కనిపించినా ఆ ఒక్కడికే చెప్పాలి, వాడు పైకి అరుస్తాడు. ఒకడు కుడికి జరుగు, ఒకడు ఎడమకి జరుగు, ఇంకొకడు అయ్యో అంటే పైవాడు ఎవరి మాట వింటాడు? మూడు మాటలూ విని చివరికి మూడో మాటే చేస్తాడు.

నేనిప్పుడు బోటు ఎక్కడం మానేశాను. రేవు గట్టు మీద కూర్చుని చిరిగిన వలలు అల్లుతుంటాను. వేళ్ళకి పని, నోటికి ఖాళీ. వచ్చే పోయేవాళ్ళకి కథలు చెబుతుంటాను. ఇంటికెళ్ళి కూడా చెబుతుంటాను. అక్కడే వచ్చింది చిక్కు.

మా ఇంట్లో నా మాటలకి ఒక కొలత ఉంది. మా ఆవిడ అయితే నేను చెప్పిందాంట్లో ముప్పావు భాగం తీసేసి వింటుంది. మా అమ్మాయి ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచి వింటోంది కాబట్టి దానికి ఏ మాట దగ్గర తరుగు తీయాలో నాకంటే బాగా తెలుసు. మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, మొత్తం తీసేసి మిగిలింది వింటాడు. మా అల్లుడు మాత్రం పెళ్ళయ్యాక వచ్చినవాడు. వేరే ఇంట్లో పెరిగాడు. ఆ ఇంట్లో పెద్దవాళ్ళు ఏదైనా చెబితే అది జరిగిందన్నమాటే. పాపం, వాడికి ఈ తరుగు సంగతి ఎవరూ చెప్పలేదు. నేను చెబుతుంటే కంచం ముందు చెయ్యి ఆరిపోయేదాకా కూర్చుని, "తర్వాతేమైంది మావయ్యా?" అనేవాడు. అలా అడిగేవాడు దొరికితే నోరు ఊరుకుంటుందా?

ఒకరోజు భోజనాల దగ్గర చెప్పాను. మా కాలంలో ఒక సరంగు ఉండేవాడనీ, సరంగంటే బోటు నడిపే పెద్ద, ఆయన కొక్కెం తగిలించందే ఎవణ్ణీ పైకి ఎక్కనిచ్చేవాడు కాదనీ మొదలుపెట్టాను. "మెట్టు మెట్టుకీ కొక్కెం తీయడం, తగిలించడం నా వల్ల ఎక్కడవుతుంది? నా చెయ్యి చురుకు. అందుకని ఏం చేసేవాణ్ణో తెలుసా? రెండు కొక్కేలూ తెచ్చి నా బెల్టుకే తగిలించేసేవాణ్ణి. కింది నుంచి చూస్తే తాడు వంపు తిరిగి కొయ్య వెనక్కి వెళ్ళినట్టే ఉంటుంది. సరంగు చూసి భేష్ అనేవాడు. నేను కోతిలా ఎక్కేసేవాణ్ణి."

అల్లుడి కళ్ళు మెరిశాయి. లోపలి నుంచి మా అమ్మాయి, "నాన్నా, చాల్లే ఇంక" అంది. నేను చాలనుకోలేదు. కొంగ కథ కూడా చెప్పాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి అల్లుణ్ణి తను పనిచేసే బోటు మీద సరంగు తర్వాతివాణ్ణి చేశారు. కొత్త హోదా, కొత్త టోపీ. వేటకి బయల్దేరాల్సిన రోజు పొద్దున కొయ్య కొసన దీపం వెలగలేదు. దీపం లేకుండా రాత్రిపూట సముద్రంలో తిరగడం కుదరదు కదా. నేనెక్కుతానన్నాడు అల్లుడు. సరంగు దగ్గరుండి ఫ్యూజులు పీకించి వాడి జేబులో వేయించాడు. బెల్టు కుట్లు చూశాడు, పానాకి తాడు కట్టించాడు. కింద గొంతుగా మా బావమరిదిని నిలబెట్టాడు. మా బావమరిది ఆ బోటు మీద వంటవాడు. వాడి గొంతు గురించి నేను గొప్పలు చెప్పక్కర్లేదు, వాడు గుసగుసలాడితే పక్క బోటువాళ్ళు జవాబు చెబుతారు. అన్నీ సరిచూసి సరంగు ఐసు ఎక్కించే షెడ్డుకి వెళ్ళాడు.

అల్లుడు ఎక్కడం మొదలుపెట్టాడు. మా బావమరిది ఒకసారి పైకి చూశాడు, ఒకసారి పక్కనున్న ఉల్లిపాయల బుట్ట వైపు చూశాడు. ఉత్తినే నిలబడటం దేనికని పీట వేసుకుని ఉల్లిపాయలు కోయడం మొదలుపెట్టాడు. కింద నిలబడ్డవాడికి ఇంకో పని ఉండకూడదు. అందులోనూ ఉల్లిపాయల పని అసలే ఉండకూడదు. కళ్ళు ధారగా కారుతుంటే వాడికి కొయ్య ఒకటి కాదు, రెండు కనిపించి ఉంటాయి.

నేను గట్టు మీద వల ఒళ్ళో పెట్టుకుని చూస్తున్నాను. అల్లుడు సగం పైకి వెళ్ళాడు. చకచకా వెళ్తున్నాడు. అంత వేగం నాకు నచ్చలేదు. రెండు కొక్కేలతో ఎక్కేవాడి నడకకి ఒక లయ ఉంటుంది. ఎక్కుతాడు, ఆగుతాడు, టక్కుమంటుంది, మళ్ళీ ఎక్కుతాడు. వీడికి ఆగడమే లేదు. చప్పుడే లేదు. తాళ్ళు చూశాను. నడుం నుంచి బయల్దేరి, వంపు తిరిగి, కొయ్య వెనక్కి వెళ్ళినట్టే వెళ్ళి మళ్ళీ నడుం దగ్గరికే వచ్చేశాయి.

నా చేతిలో సూది ఆగిపోయింది. వాడెవడి విద్య చూపిస్తున్నాడో నాకు తెలిసిపోయింది.

అరుద్దామని నోరు తెరిచి మూసేశాను. నా గొంతు వింటే వాడు తిరిగి చూస్తాడు, చూసి నవ్వుతాడు, నవ్వుతూ చెయ్యి ఊపుతాడు. వాడి సంగతి నాకు తెలుసు. లేచి, గట్టు నుంచి బోటుకి వేసిన చెక్క పలక మీదుగా లోపలికి వెళ్ళి బావమరిది పక్కన నిలబడ్డాను.

"కత్తి కింద పెట్టరా. కొక్కెం ఎక్కడ తగిలించాడో అడుగు."

వాడు మోచేత్తో కళ్ళు తుడుచుకుని పైకి చూశాడు. "అల్లుడూ! కొక్కెం తగిలించావా?"

"తగిలించా బాబాయ్!" అల్లుడు నడుం మీద తట్టి చూపించాడు. నన్ను చూసి కన్ను కూడా కొట్టాడు.

"విన్నావుగా బావా, తగిలించాడట" అని వీడు మళ్ళీ కత్తి అందుకోబోయాడు.

"తన బెల్టుకే తగిలించుకున్నాడురా, గుడ్డివాడా! కొయ్యకి తగిలించమను."

ఈసారి వాడు సరిగ్గా చూశాడు. మొహం పాలిపోయింది. "నాయనా, కొక్కెం కొయ్యకి తగిలించు! లేదంటే దిగిపో!"

"ఏం కాదు బాబాయ్, వచ్చేశాగా! ఇది మావయ్య విద్యే! ఏళ్ళ తరబడి ఇలాగే ఎక్కాడాయన!"

అప్పటికే వాడు కొసకి చేరాడు. దీపం అవతలి వైపు ఉంది. అడ్డకమ్మీ మీద కాలు పెట్టి కొయ్య చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆ తిరగడంలో కాసేపు ఒక్క చెయ్యి, ఒక్క కాలు మాత్రమే ఆధారం. అంతలో రేవు ముఖద్వారం దగ్గర పెద్ద సరుకుల ఓడ ఒకటి లోపలికి వస్తూ కనిపించింది. అది వస్తే నీళ్ళు కదులుతాయి. నీళ్ళు కదిలితే మా బోటు ఊగుతుంది. కింద జానెడు ఊగితే కొయ్య కొసన నిలువెత్తు ఊగుతుంది.

నాకు ఆ క్షణంలో తట్టిందేంటో చెప్పనా? వాడి నడుముకున్న ఆ కొక్కేన్ని తీయాల్సింది బెల్టు నుంచి కాదు, నా కథలోంచి తీయాలి. ఆ కథ అలా ఉన్నంతసేపూ వాడు తీయడు.

"ఒరేయ్," అన్నాను బావమరిదితో, "నేను చెప్పింది చెప్పినట్టు అరవరా. మీ మావయ్య జన్మలో కొయ్య ఎక్కలేదు అని చెప్పు."

వాడు నా వైపు తిరిగాడు. ఆ కళ్ళలో నీళ్ళు ఇంక ఉల్లిపాయలవి కావు. బతుకంతా ఈ మాట కోసమే ఎదురుచూసినట్టు చూశాడు. "బావా, నిజంగా అరవమంటావా?"

"అరవరా!"

ఛాతీ నిండా గాలి పీల్చాడు. "అల్లుడూ! మీ మావయ్య చెబుతున్నాడు! ఆయన జన్మలో! కొయ్య! ఎక్కలేదట!"

ఐసు గంపలు మోసేవాళ్ళు ఆగిపోయారు. చేపలు ఏరుతున్న ఆడవాళ్ళు తలలెత్తారు. పక్క బోటు కిటికీలోంచి సబ్బు నురుగు మొహం ఒకటి బయటికి వచ్చింది.

పైనుంచి నవ్వు వినిపించింది. "మావయ్య నన్ను పరీక్షిస్తున్నాడు బాబాయ్! ఆయన మాట నమ్మకండి!"

చూశారా నా గతి. అబద్ధం చెప్పినన్నాళ్ళూ కంచం ముందు చెయ్యి ఆరబెట్టుకుని నమ్మాడు. నిజం చెబితే నమ్మొద్దంటాడు!

"నాలుగు మెట్లు ఎక్కితే నాకు మోకాళ్ళు వణుకుతాయని చెప్పు."

"నాలుగు మెట్లు ఎక్కితే మోకాళ్ళు వణుకుతాయట! నేను చూశాను అల్లుడూ, మూడో మెట్టుకే వణుకుతాయి!"

"నీ సొంత మాటలు కలపకు!"

"సొంత మాటలు కలపొద్దంటున్నాడు!"

గట్టంతా నవ్వు. అల్లుడు మాత్రం అడ్డకమ్మీ మీదికి ఒక కాలు చాపాడు. ఓడ ముఖద్వారం దాటింది. నాకు ఇంట్లో స్టూలు గుర్తొచ్చింది.

"ఇంట్లో అటక మీది పెట్టె ఎవరు దించారో అడుగు."

"అటక మీది పెట్టె ఎవరు దించారు?"

"నేనే!"

"మొన్న బల్బు ఎవరు మార్చారు?"

"అత్తయ్య!"

"అప్పుడు మావయ్య ఎక్కడున్నాడు?"

పైన చాచిన కాలు నెమ్మదిగా వెనక్కి వచ్చి మెట్టు మీద ఆనింది.

"కింద ఉన్నాడు," అన్నాడు చివరికి. "స్టూలు పట్టుకుని."

"ఎప్పుడైనా ఆయన స్టూలెక్కడం చూశావా?"

లేదన్నట్టు తల ఊపాడు. బావమరిది నా వైపు చూశాడు, ఇంకేం అరవాలన్నట్టు. ఈసారి వాడు నవ్వడం లేదు.

"బోటు మీద కూడా నా ఉద్యోగం అదేనని చెప్పు. అందర్నీ పైకి ఎక్కించి కింద నిలబడేవాణ్ణి. వాళ్ళు దిగేదాకా మెడ వంచేవాణ్ణి కాదు. పైన ఏం కనిపించిందో వాళ్ళు దిగొచ్చి చెబితే, ఆ కథలన్నీ నావి చేసుకున్నాను. కొక్కెం బెల్టుకి తగిలించుకున్నవాడు ఏ కథలోనూ లేడు. ఆ మాట అన్నం తింటూ తింటూ నోటికొచ్చి అనేశాను. అలా చేస్తే నేను ఎవణ్ణీ ఎక్కనిచ్చేవాణ్ణి కాదు."

అంత పొడుగు మాటని మా బావమరిది ఒక్క ముక్క వదలకుండా, ఒక్క ముక్క కలపకుండా పైకి అందించాడు. ఆ గొంతులో అంత నెమ్మది ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

టక్. పైన ఒక కొక్కెం అడ్డకమ్మీకి పడింది. టక్. రెండోది దీపం పైనున్న ఇనప రింగుకి పడింది. అంత మంచి చప్పుడు నేను ఏ మేళంలోనూ వినలేదు.

ఓడ మా పక్క నుంచే వెళ్ళింది. దాని వెనకాల నీళ్ళు కొండలా లేచి వచ్చి మా బోటుని కొట్టాయి. నేను తాడు పట్టుకున్నాను, ఉల్లిపాయల బుట్ట దొర్లిపోయింది. పైన అల్లుడి కాళ్ళు రెండూ కమ్మీ మీంచి జారాయి. ఒక్క క్షణం వాడు ఆకాశంలో ఉత్తినే ఉన్నాడు. తర్వాత తాడు బిగిసింది. గాల్లో గంటలా అటూ ఇటూ ఊగాడు. పానా వాడి మణికట్టు నుంచి వేలాడుతూ ఊగింది. గట్టు మీద ఎవరూ అయ్యో అనలేదు. ఒక్క గొంతే వినిపించింది, "కొయ్య పట్టుకో అల్లుడూ, తొందరేం లేదు" అంటూ. వాడు కొయ్య పట్టుకుని, కాలు ఆనించి, ఊపిరి కూడదీసుకుని, దీపం బిగించే దిగాడు.

దిగి నా ముందు నిలబడ్డాడు. మొహం మీద చెమట. ఏమంటాడో అని నేల చూపులు చూస్తున్నాను.

"మావయ్యా, మరి ఆ టీ గ్లాసు?"

"అది మా పాత సరంగుది. ఆయన కూడా కింద కూర్చునే తాగేవాడు."

"తువ్వాలు?"

"తువ్వాలు నిజంగానే పోయింది. మీ అత్తయ్య కాలవలో ఉతుకుతుంటే కొట్టుకుపోయింది."

"కొంగ?"

"కొంగ సంగతి వదిలెయ్యి. దాని పరువైనా మిగలనీ."

సరంగు వచ్చి, జరిగిందంతా విన్నాడు. ఉల్లిపాయల బుట్ట ఒకసారి చూశాడు, మా బావమరిదిని ఒకసారి చూశాడు. వాడు ఆ తర్వాత చాలాసేపు మా వైపు రాలేదు. నాతో మాత్రం, "ఇక మీద మా బోటు కొయ్య ఎవరెక్కినా ముందు నీకు కబురు చేస్తాను, వచ్చి నిలబడు" అన్నాడు. పక్క బోటు సరంగులకీ అది తెలిసి, వాళ్ళూ కబురు చేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు వలల పని సగం పక్కన పడింది, మెడ నొప్పి మొదలైంది. రేవులో పేరు కూడా మారింది. ఆకాశం తాత పోయి స్టూలు తాత వచ్చాడు. చేపలు ఏరే ఆడవాళ్ళు నన్ను చూడగానే, "తాతా, పీట ఎక్కాలి, కాస్త వచ్చి పట్టుకో" అంటారు. ఆ పేరుకి మూలపురుషుడు ఎవరో చెప్పక్కర్లేదు. వాడి గొంతు మీరూ విన్నారు.

నేను ఇంటికి వెళ్ళేసరికి కబురు నాకంటే ముందే వెళ్ళి కూర్చుంది. మా ఆవిడ నన్ను చూసి, "ఇన్నాళ్ళకి ఒక నిజం చెప్పావట, ఒంట్లో బాగానే ఉందా?" అంది. అమ్మాయి మంచినీళ్ళ గ్లాసు తెచ్చి నా ముందు పెట్టి, అక్కడే కూర్చుంది.  నేను తాగాక అంది: "నువ్వు కథలు మానెయ్యమని నేను అనను నాన్నా. మానేస్తే నీకు జ్వరం వస్తుంది. కానీ చెప్పడం అయ్యాక అందులో కల్పించిందేదో కూడా ఆయనకి చెప్పెయ్యి. మాకైతే తెలుస్తుంది. ఆయనకి తెలియదు."

సరేనన్నాను. అది మా ఇంటి నియమం అయింది. ఏ కథ చెప్పినా చివర అల్లుడు చెయ్యి చాపుతాడు, "ఇప్పుడు తరుగు తీయండి మావయ్యా" అంటాడు. నేను తీస్తాను.

మీరు మా ఇంటివాళ్ళు కాదు కాబట్టి మీకూ తీసి ఇవ్వాలి. ఓడ వచ్చిన మాట నిజం. ఆ కొండంత నీళ్ళు మాత్రం నేను పోశాను. రేవులోకి వచ్చే ఓడ నెమ్మదిగా రావాలి, అది బుద్ధిగా అలాగే వచ్చింది. మంచం అంచున పిల్లి కూర్చుంటే ఎంత కదులుతుందో మా బోటు అంత కదిలింది. అల్లుడు జారలేదు, వేలాడలేదు. రెండు కొక్కేలూ తగిలించుకున్నాడు, దీపం మార్చాడు, దిగాడు. అంతే, ఇంకేం జరగలేదు. నేను కింద నిలబడ్డ ఇన్నేళ్ళలోనూ ఎప్పుడూ ఏమీ జరగలేదు. ఏమీ జరగని కథ చెబితే మీరు ఇంతదాకా కూర్చునేవాళ్ళా?

స్టూలు మాత్రం నిజం. ఒక కాలు కాస్త పొట్టి. మా ఇంటికి వస్తే చూపిస్తాను. వంటింట్లో బల్బు పోయి రెండ్రోజులైంది, వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఎక్కి మార్చి పోండి. నేను పట్టుకుంటాను.